మడపాయలో ముందెవరు

నాకు కాస్త పెంచి చెప్పే అలవాటుంది. ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ పట్టుకోవడానికి ఉండదని ఈ జాగ్రత్త. నేను ఏనుగు అంటే మా ఆవిడ దూడ కింద జమకట్టుకుంటుంది. ఇల్లు మునిగిపోయిందంటే, కుళాయి కట్టడం మర్చిపోయి ఉంటానని లేచి వెళ్ళి కట్టేస్తుంది. చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే మాస్టారితో రెండు గోదావరులు దాటి వచ్చానని చెప్పినవాణ్ణి. నేను దాటింది ఒక పంటకాలవ, అదీ వంతెన మీద. అందుచేత ఈ కింద రాసింది మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. కల్పించింది ఇందులో ఒక్కటే ఉంది. అదేమిటో ఆఖర్న నేనే చెప్పేస్తాను.

మా అక్కకి ఒక్కతే కూతురు. అందరి పిల్లలూ నడక నేర్చుకునే వయసులో మా మేనకోడలు ఈత నేర్చుకుంది. అది కాలవలో దిగితే చేపలు ఒడ్డు పక్కకి సర్దుకుని దారిచ్చేవి. పెద్దదై అండమాన్ వెళ్ళి, వచ్చినవాళ్ళని కయాక్ పడవల్లో తిప్పడం, కళ్ళకి అద్దం, నోటికి గొట్టం తగిలించి నీళ్ళ అడుగున ఉన్న లోకాన్ని చూపించడం నేర్చుకుని, కొన్నేళ్ళు అక్కడే పనిచేసింది. పోయిన వానాకాలంలో మూడు కయాకులు లారీలో వేయించుకుని అమలాపురం వచ్చేసింది. ఇక ఇక్కడే చేస్తానంది.

"ఇక్కడ గోదావరి టీ రంగులో ఉంటుంది కదే, ఏం చూపిస్తావు?" అన్నాను.

"చలికాలంలో చూపిస్తాను మావయ్యా," అంది.

ఐ.పోలవరం దాటి సముద్రం వైపు పోతే మడ అడవి వస్తుంది. ఉప్పునీళ్ళలో వేళ్ళు పైకి పెట్టుకుని బతికే చెట్లు. ఆ అడవి చివర, ఇసుకదిబ్బ చాటున, ఒక చిన్న అఖాతం ఉంది. దిబ్బకి అవతల సముద్రం ఎంత అరిచినా ఇవతల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలకడగా ఉంటాయి. చలికాలంలో గోదావరి తగ్గాక, పోటు మీద సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చినప్పుడు అది కాసేపు తేటపడుతుంది. దాంట్లోకి వెళ్ళడానికి ఒకటే దారి, చెట్ల మధ్యనుంచి వెళ్ళే సన్నటి పాయ. అదంతా అటవీశాఖ వారి రక్షణలో ఉంది. ఇంజను పడవలకి లోపల పని లేదు.

రేంజి ఆఫీసరు గారు మా పిల్ల చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. విని ఒక షరతు పెట్టారు. "ముందు మామూలు మనుషుల్ని ఓసారి తీసుకెళ్ళి తీసుకురండమ్మా. నేనూ వస్తాను. ఎవరి తెడ్డు వాళ్ళే వేసుకుని తిరిగి రేవుకి చేరాలి. మా ఇంజను పడవని సాయానికి పిలవాల్సొస్తే మాత్రం ఇక ఆ మాటెత్తకూడదు. కొమ్మ విరక్కూడదు, కాగితం ముక్క పడకూడదు. అప్పుడు పైకి రాస్తాను."

ఇది ఒక వైపు. రెండో వైపు మా బావ ఉన్నారు. అంటే దాని తండ్రి. రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో సంఘ పెద్ద. ఆ కుటుంబంలో మూడు తరాలుగా అందరూ మాస్టార్లే. పలక పుట్టకముందే వాళ్ళింట్లో బలపం ఉండేదని నా నమ్మకం. ఆయన రాజోలులో ఒక బడిలో కూతురికి ఆటల టీచరు ఉద్యోగం మాట్లాడి పెట్టారు. సోమవారం చేరాలి. "ఈ ఒక్కసారి చూడండి నాన్నగారండీ. కాకపోతే సోమవారం నోరెత్తకుండా వెళ్ళి చేరిపోతాను," అని మాటిచ్చేసింది పిల్ల. యాత్ర శనివారం. మామూలు మనుషులు కావాలి కాబట్టి నేనూ, మా ఆవిడా, మా బావా తయారయ్యాం. అక్కకి నీళ్ళంటే భయం, ఇంట్లోనే ఉండి మా కోసం ప్రార్థన చేస్తానంది.

తెల్లారేసరికి రేవులో ఉన్నాం. మా ఆవిడ దించుతున్న సామాను చూసి రేవులో వాళ్ళు ఎవరిదో గృహప్రవేశం అనుకున్నారు. క్యారేజీ నిండా పులిహోర, గారెలు, రొయ్యల వేపుడు, సీసాల్లో మజ్జిగ, పైన కొబ్బరిబొండాల గెల.

"అత్తా, పొద్దెక్కేలోపు వచ్చేస్తామే," అంది మేనకోడలు.

"ఆఫీసరు గారిని ఖాళీ కడుపుతో నీళ్ళ మీద తిప్పుతావా? వాళ్ళావిడ మన గురించి ఏమనుకుంటుంది?"

"బరువుకి పడవ దిగిపోద్దే."

"మీ మావయ్యని ఎక్కించినప్పుడు దిగనిది బొండాలకి దిగుద్దా?"

ఈ మాటకి ఆఫీసరు గారు తల పక్కకి తిప్పుకుని కొంగల్ని చూశారు. ఆయనది రాజోలు వైపు. మర్యాదలో మాకు వీసమెత్తు తీసిపోరు. నాకు లైఫ్ జాకెట్ తొడిగాక చూసుకుంటే, పక్కన ఆగి ఉన్న కయాకుల కంటే నేనే నీళ్ళ మీద బాగా తేలేలా కనిపించాను.

బావ ప్రార్థన చెయ్యకుండా బస్సు కూడా ఎక్కరు. రేవులో అందరం తలలు వంచాం. ఆయన మా ప్రాణాల కోసం, ఆఫీసరు గారి కుటుంబం కోసం, అటవీశాఖ కోసం, మడ చెట్ల కోసం, వాటి కింది చేపల కోసం, ఆఖర్న ఈ ప్లాస్టిక్ పడవల కోసం కూడా ప్రార్థించారు. మొదలుపెట్టినప్పుడు ఒడ్డు మీద ఉన్న మా చెప్పులు, ఆమెన్ అనేసరికి పోటు నీళ్ళలో తేలుతున్నాయి. ఆఫీసరు గారు చేతులు కట్టుకుని అంతా విని, ఆమెన్ దగ్గర "ఆయ్" అన్నారు. మా వైపు అవునండీకి అదే మాట.

పచ్చ పడవలో నేనూ మా ఆవిడా. ఎర్ర పడవలో బావా ఆఫీసరు గారూ. ఒంటి మనిషి పట్టే చిన్న పడవలో మా పిల్ల ముందు నడిచింది. కయాక్‌లో ముందు కూర్చున్నవాళ్ళు వేసినట్టే వెనకున్నవాళ్ళు తెడ్డు వెయ్యాలిట. మా ఆవిడ ముందు కూర్చుంది. ఇంట్లో ఎలాగో ఇక్కడా అలాగే కాబట్టి నాకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ కనిపించలేదు.

పాయలోకి తిరిగాక మాటలు వాటంతటవే ఆగిపోయాయి. రెండు వైపులా మడ చెట్లు నీళ్ళలోకి వంగి ఉన్నాయి. వేళ్ళ మీద ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా పట్టుకుని ఉన్నాయి. బురద మీద కళ్ళు నెత్తికెక్కిన చిన్న చేపలు కప్పల్లా గెంతుతూ మమ్మల్ని చూసి ఆగాయి. నాకైతే ఒకటి తల ఊపి పలకరించినట్టే అనిపించింది. ఇది మీరు తగ్గించుకోవచ్చు.

అఖాతంలో పోటు నిండుగా ఉంది. మేనకోడలు అందరికీ అద్దాలూ గొట్టాలూ పంచింది. బావ దగ్గర చిక్కొచ్చింది. ఆయన మీసం చూసి రెండు తరాల పిల్లలు ఎక్కాలు అప్పజెప్పేశారు. అంత మీసం.

"నాన్నగారండీ, మీసం ఉంటే సందుల్లోంచి అద్దంలోకి నీళ్ళొచ్చేస్తాయండి."

"పక్కనుంచి పొమ్మని చెప్పమ్మా నీళ్ళకి."

పిల్ల నవ్వి, మీసానికి వ్యాజలిన్ దట్టంగా పట్టించింది. తండ్రి మీసం మీద చెయ్యి వేసిన మొదటి మనిషి అదేనని నేను గట్టిగా చెప్పగలను. తర్వాత అందరం నడుంలోతు నీళ్ళలోకి దిగి, మొహాలు నీళ్ళలో పెట్టాం.

అడుగున ఇసుక మీద ఎండ వలలా కదులుతోంది. పీత ఒకటి నన్ను చూసి రెండు చేతులూ ఎత్తింది, దాని వెనక ఇల్లేదో అమ్మకానికి లేదన్నట్టు. వేళ్ళ చుట్టూ గాజుముక్కల్లాంటి చేప పిల్లలు లెక్కలేనన్ని. దూరంగా ఒక పండుగొప్ప చేప నిలబడి ఉంది. దాని పొడవు నేను అందరికీ చెబుతూనే ఉన్నాను. చెప్పినప్పుడల్లా ఒక మూర పెరుగుతోంది. ఇక్కడ రాయను. అరవై ఏళ్ళు దాటిన బావ ఆ వేళ్ళ సందుల్లో ఏం చూశారో కానీ, చాలాసేపు కదల్లేదు.

అప్పుడే ఆఫీసరు గారు నీళ్ళ పైన నిలబడి, "మాస్టారండీ, బాగా కనపడతందాండి?" అని అడిగారు. పెద్దమనిషి అడిగితే పలక్కపోవడం మా వైపు ఎక్కడా లేదు. బావ నీళ్ళలో ఉండే, గొట్టంలోంచి "ఆయ్" అన్నారు. ఆ ఆయ్ బయటికి పోయిన దారినే అఖాతం సగం లోపలికి వెళ్ళింది. పైకి లేచి దగ్గుతూనే, "బాగానే కనపడతందండి," అని పూర్తి చేశారు.

పోటు తిరిగి నీళ్ళు తగ్గుతున్నాయని మేనకోడలు అందరినీ పడవలెక్కించింది. "నీళ్ళు వెనక్కి తీసేస్తే పాయ మూతి దగ్గర బురద తేలిపోద్ది. నేను ముందెళ్ళి లోతు చూస్తాను. నా వెనకే ఒక్కో పడవా వచ్చెయ్యండి," అని తను దాటేసింది. అన్నీ చెప్పింది. ఏ పడవ ముందు రావాలో చెప్పలేదు. అండమాన్‌లో ఆ మాట చెప్పక్కర్లేదుట. కోనసీమ మనుషుల్ని తీసుకొచ్చినప్పుడు చెప్పాలి.

పాయ మూతి ఒక్క పడవకే సరిపోతుంది. ఎర్ర పడవా పచ్చ పడవా సరిగ్గా ఒకే క్షణానికి అక్కడికి చేరాయి.

"తవరు నడవండి బావగారూ," అన్నాను.

"అబ్బే, మీరు చెల్లెమ్మతో ఉన్నారు. మీరు ముందండి," అన్నారు బావ.

"పెద్దవారు, మీ వెనక రావడమే మాకు మర్యాద అన్నయ్యగారూ," అంది మా ఆవిడ.

"అమ్మగారు చెప్పేరు కదా అని మేము ముందెళ్ళిపోతే బాగోదండి," అన్నారు ఆఫీసరు గారు. "ఆడవాళ్ళు ముందు నడవాలండి."

"తవరు ఆఫీసరు గారు. అడవే మీది. మీ అడవిలో మీకంటే ముందు మేమెలా నడుస్తామండీ?" అన్నాను.

"డ్యూటీ వేరండి, మర్యాద వేరండి."

అలా ఒకళ్ళ మీద ఒకళ్ళం మర్యాద కుమ్మరించుకున్నాం. బావ తెడ్డు అడ్డంగా పెట్టి దారి చూపించారు. నేను వెనక్కి తెడ్డు వేసి ఇంకా చోటిచ్చాను. ఆయన ఇంకాస్త వెనక్కి వెళ్ళి నాకంటే ఎక్కువ చోటిచ్చారు. ఒక కొంగ వచ్చి, ఎవరినీ అడక్కుండా, మా ఇద్దరి మధ్యనుంచే పాయలోకి వెళ్ళిపోయింది. ఇదంతా పావుగంట అంటుంది మా ఆవిడ. నా లెక్కలో ఆ మర్యాద జరిగినంతసేపట్లో ఒక వరి పంట కోతకొచ్చేది. మొత్తం మీద ఆఖరుకి బావ, "సరేనండి, ఇద్దరం కలిసే వెళ్దాం," అని తెడ్డు వేస్తే, అది నీళ్ళలో పడలేదు. మెత్తగా బురదలో దిగబడి నిలబడిపోయింది.

సముద్రం మాకోసం ఆగలేదు. పడవలు రెండూ తడి బురద మీద పీటల్లా కూర్చున్నాయి. అవతలి వైపు నీళ్ళలో మేనకోడలు మా వైపు తిరిగి చూసి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. అది అరిచి ఉంటే బావుండేది.

దిగి పడవని లాగుదామని నేను ఒక కాలు పెట్టాను. బురద మోకాలు దాటి తొడని అడిగింది.

"దిగకు మావయ్యా," అంది పిల్ల. "అక్కడంతా చెట్ల ఊపిరి వేళ్ళు. విరిగితే సాయంత్రానికి లెక్క చెప్పాలి."

కాలు లాక్కున్నాను. చెప్పు మాత్రం కిందివాళ్ళకి వదిలేశాను. దాన్ని చేత్తో కెలికి వెతికి తీయించింది మా ఆవిడ, అడవిలో చెత్త పడకూడదని.

ఎండెక్కుతోంది. మళ్ళీ పోటు వచ్చేది సాయంత్రానికే. ఆఫీసరు గారు జాకెట్ లోపలి సంచీలోంచి ఫోన్ తీశారు. ఆయన మొహంలో నిజంగా బాధ ఉంది. "మాస్టారండీ, మా ఇంజను పడవ పాయ బయటదాకా వస్తదండి. తాడేస్తే లాగెయ్యొచ్చు. ఆడవాళ్ళున్నారు, తవరు పెద్దవారు. సాయంత్రం దాకా ఎండలో అంటే కష్టమండి. తవరెలా అంటే అలా చేద్దాం."

ఇంజను పడవ వస్తే షరతు పోయినట్టే. సోమవారం రాజోలు బడిలో ఈల ఊదాలి. మా బావ కోరుకున్నదీ అదే, పైగా కోరుకున్నది ఆయన నోటిదాకా ఎవరో పళ్ళెంలో పెట్టి తెచ్చారు. ఒక్క "ఆయ్" చాలు. ఆయన జీవితంలో ఆ మాట దాచుకున్న మనిషి కాదు. మేము ముగ్గురం ఆయన వైపు చూశాం. అవతల నీళ్ళలో మా పిల్ల మాత్రం చూడలేదు. తెడ్డుకి అంటిన బురద గోటితో గీకుతూ ఉంది.

బావ మీసం తుడుచుకున్నారు. వ్యాజలిన్ చేతికంటింది. అప్పుడు, ప్రార్థన చేసే గొంతుతో, "ఆఫీసరు గారండీ, ఒడ్డు మీద పెద్దవాణ్ణి నేనేనండి. ఈ నీళ్ళ మీద పెద్ద మా అమ్మాయండి. దాన్నడగండి," అన్నారు.

మేనకోడలు తలెత్తింది. "ఆగుదామండి," అంది. "అత్త తెచ్చిన క్యారేజీ ఉంది కదండి."

ఇక ఆ రోజు మడ చెట్ల కింద జరిగిన విందు గురించి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. బురద మీద కూరుకుపోయిన పడవల్లోనే కూర్చుని, తెడ్డు మీద గారెల గిన్నె పెట్టి ఒక పడవలోంచి ఇంకో పడవలోకి అందించాం. అవతలున్న పిల్లకి పొట్లం కట్టి విసిరితే బాతులా పట్టుకుంది. ఆఫీసరు గారు చాలండి అన్నప్పుడల్లా మా ఆవిడ అది వినపడని చెవి అటు తిప్పింది. బొండాలు తాగాక డొక్కులన్నీ జాగ్రత్తగా మా పడవలోకే చేర్చింది. బావా ఆఫీసరు గారూ రాజోలులో ఇద్దరికీ తెలిసిన వాళ్ళు ఎవరో వెతుక్కుంటూ వెళ్ళి, భోజనం అయ్యేసరికి దూరపు చుట్టాలయ్యారు. మధ్యాహ్నం నేను పడవలోనే నిద్రపోయాను. నా గురక విని వలస పక్షులు ఆ యేటికి ముందుగానే తిరుగు ప్రయాణం కట్టాయి.

ఎండ చల్లబడ్డాక పాయ మూతిలో ముందొక తడి గీత కదిలింది. తర్వాత నీళ్ళు వేళ్ళ మధ్యనుంచి చప్పుడు లేకుండా వచ్చి పడవల కింద చేరాయి. మెల్లగా ఎర్ర పడవ ఊగింది. మాది కూడా కదిలింది.

బావ అలవాటు కొద్దీ మా వైపు తిరిగి, "చెల్లెమ్మా, మీరు..." అన్నారు.

"నాన్నగారండీ," అంది అవతలనుంచి పిల్ల. గొంతు పెంచలేదు. "నీళ్ళ మీద చుట్టరికం వరసలు లేవండి. ఎర్ర పడవ ముందు. పచ్చ పడవ వెనక. ఎవరూ ఎవరితోటీ మాట్లాడొద్దండి."

హెడ్మాస్టరు గారు నోరు మూసుకుని తెడ్డు వేశారు. కుడి, ఎడమ, కుడి, ఎడమ, పొద్దున్న కూతురు నేర్పిన లెక్కకి తప్పకుండా. దాని వెనక ఆయనా, ఆయన వెనక మేమూ, పాయంతా దాటి రేవుకి చేరేసరికి ఇంకా వెలుతురుంది.

రేవులో ఆఫీసరు గారు జాకెట్ విప్పి వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "ఇంజను రాలేదండి. కొమ్మ విరగలేదు. చెప్పు కూడా అడవిలో ఉండిపోలేదు," అన్నారు. "ఆలస్యం గురించంటారా, నేను టైమ్ షరతు పెట్టలేదు కదండి. ఇరుక్కున్నదాంట్లో సగం మర్యాద నాదే. పైకి రాస్తాను. ఒక్క మాట మాత్రం కలపండమ్మా. ఏ పడవ తర్వాత ఏ పడవో రేవులోనే చెప్పెయ్యాలి. మనవాళ్ళకి మరీను."

అనుమతి వచ్చింది. ఈ చలికాలం శనివారాలన్నీ మా పిల్లకి ఖాళీ లేదు. రేవులో అందరికీ అది చెప్పే మొదటి మాట, మర్యాదలన్నీ ఇక్కడే ఒడ్డు మీద చేసేసుకోండి, నీళ్ళ మీద వద్దండి, అని. రాజోలు బడికి వేరే టీచరు దొరికారు.

ఇప్పుడు కల్పించింది ఏదో చెప్పాలి. పీత నిజం, కొంగ నిజం, గొట్టంలోంచి ఆయ్ నిజం. పండుగొప్ప కూడా చాలావరకు నిజం. కల్పించింది బావ మాట. "ఈ నీళ్ళ మీద పెద్ద మా అమ్మాయండి" అని ఆయన అనలేదు. అసలేమీ అనలేదు. ఆఫీసరు గారు ఫోన్ పట్టుకుని జవాబు కోసం చూస్తుంటే, బావ తన కాళ్ళ దగ్గరున్న క్యారేజీ మూత తీసి, గిన్నె నిండా పులిహోర పెట్టి, ఫోన్ ఉన్న చేతికే అందించారు. పెద్దాయన పెట్టింది రెండు చేతులా పుచ్చుకోవాలి కాబట్టి ఆఫీసరు గారు ఫోన్ సంచీలో పెట్టేసుకున్నారు. అంతే జరిగింది. అది చూసే పిల్ల "ఆగుదామండి" అంది.

ఇంటికొచ్చాక మా అక్క, "ఆయనేమన్నారురా?" అని ఒకటికి నాలుగుసార్లు అడిగింది. పులిహోర పెట్టేరని చెబితే దానికి అర్థం కాదనిపించింది. అందుకని ఆ మాట అక్కడికక్కడ తయారుచేసి చెప్పాను. అక్క కళ్ళు తుడుచుకుంది. పక్క గదిలో బావ వింటున్నారు, కాదనలేదు.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక ఆవరణలో ఆయన చుట్టూ నలుగురు చేరారు. "అప్పుడు నేనన్నానండి, ఈ నీళ్ళ మీద పెద్ద మా అమ్మాయండీ అని," అంటున్నారు బావ. మధ్యలో నేను రాయని ఇంకో రెండు వాక్యాలు కూడా చేర్చారు. నా కంటే బాగా చెప్పారు.